ప్లాస్టిక్కి జ్ఞాపకముంటే పంటికి చోటు అక్కర్లేదా?

సఖినేటిపల్లి దగ్గర ఒక ఊరి నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 29. ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకి తెలుగు చెబుతారు. భర్త కువైట్‌లో ఏసీ మెకానిక్కు. ఇంట్లో అత్తగారు, నాలుగేళ్ళ బాబు.

పై వరసలో కోరపళ్ళు రెండూ చిగురు మీంచి బయటికి వచ్చేశాయి. కింది వరసలో పన్ను మీద పన్ను. చిన్నప్పుడు నాన్న క్లిప్పులు వేయిద్దామంటే, "పన్ను మీద పన్నుంటే అదృష్టం, కదపకండి" అని నాన్నమ్మ అడ్డుపడిందట. ఆ అదృష్టం పుణ్యమా అని పెళ్ళి ఆల్బంలో ఒక్క ఫోటోలోనూ నోరు తెరవలేదని రాశారు. ఈమధ్య క్లాసులో ఒక కుర్రాడు నోటుబుక్కు వెనక టీచరు బొమ్మ వేసి రెండు కోరలు తగిలించాడు. వాణ్ణి ఏమీ అనలేదట. ఇంటికొచ్చి, ఈసారి చీటీ డబ్బులు వస్తే పళ్ళకే పెట్టాలని అనుకున్నారట.

చీటీ 1,20,000 వచ్చింది. మొదట పంటు (బల్లకట్టు లాంటి పడవ) మీద గోదావరి దాటి, నర్సాపురం మీదుగా భీమవరంలో డెంటల్ కాలేజీకి వెళ్ళారు. వాళ్ళు ఎక్స్‌రేలు, అచ్చులు తీసి, పై వరసలో 8 మిల్లీమీటర్ల చోటు చాలట్లేదని, నాలుగు పళ్ళు తీసి స్టీలు క్లిప్పులు వేయాలని, ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుందని, మొత్తం 40,000 లోపే అవుతుందని చెప్పారు. తర్వాత ఒక పట్నంలో, ప్రకటన చూసి, ఒక క్లినిక్కి వెళ్ళారు. అక్కడ పన్ను పీకక్కర్లేదన్నారు. "షేప్ మెమరీ ప్లాస్టిక్ మేడమ్, వేణ్ణీళ్ళలో వేస్తే దాని ఆకారం దానికే గుర్తొస్తుంది, ఆరు నెలల్లో అయిపోతుంది" అన్నారు. 1,60,000. చీటీకి మించినది ఈఎంఐ. నెలాఖరులోపు కడితే 30,000 తగ్గింపు.

ఇంట్లో అత్తగారికి సంగతి తెలిసీ తెలియనట్టు తెలిసింది. "పెళ్ళయ్యి పిల్లాడు పుట్టాక ఇప్పుడెవరికి చూపించుకోడానికే ఈ సోకులు? పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయి" అన్నారు. భర్తకి ఇంకా చెప్పలేదు. ఇంటి స్లాబు అప్పు ఆయన తీరుస్తున్నారు. వచ్చే ఏడాది ఫ్యామిలీ వీసా దొరికితే వీళ్ళని తీసుకెళ్తానంటున్నారు. ఆవిడ అడిగినవి మూడు: ఆ ప్లాస్టిక్ నిజమేనా, మోసమా? పళ్ళు పీకించుకోవాలా? ఎవరికీ తెలియకుండా కానిచ్చేసే దారేదైనా ఉందా?

అమ్మా,

మూడోదాన్నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు తేలిక. లేదు. క్లినిక్ వాళ్ళు ఇచ్చేవి అలైనర్లు, అంటే పళ్ళకి తొడుక్కునే, కంటికి కనపడని ప్లాస్టిక్ ట్రేలు. అవి రోజుకి 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. భోజనానికి తీయాలి, తిన్నాక తోముకుని మళ్ళీ పెట్టుకోవాలి. మీరు చెప్పిన రకమైతే వేణ్ణీళ్ళ గిన్నె కూడా తోడు. ఒకే వంటగదిలో అత్తగారు ఉండగా ఇది దాచడం కుదరని పని. దాచాలనుకుంటే చివరికి ట్రే డబ్బాలో, మీరు వంటింట్లో ఉంటారు. పెట్టుకోని ట్రేతో పళ్ళు కదలవు. అందుకని దాచడమన్న ఆలోచన పక్కన పెట్టి మిగతావి చూద్దాం.

ఆ ప్లాస్టిక్ నిజమే. మోసమని కొట్టిపారేయకండి. మామూలు అలైనర్లని పలచటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి పళ్ళ అచ్చు మీద నొక్కి తయారుచేస్తారు. ఒక్కో ట్రే పంటిని పావు మిల్లీమీటరు దాకా జరిపేలా ఉంటుంది. వారానికో రెండు వారాలకో ట్రే మారుస్తారు. ఈ రేకుల్లో ఒక లోపం ఉంది. పళ్ళ మీద బిగిసి ఉండగానే అవి సాగిపోతాయి, మొదటి రోజుల్లోనే పట్టు చాలావరకు తగ్గిపోతుంది. జ్ఞాపకమున్న ప్లాస్టిక్ వచ్చింది ఈ లోపం కోసమే. తయారీలోనే దానికొక అసలు ఆకారం స్థిరపడుతుంది. వెచ్చటి నీళ్ళలో పెడితే మెత్తబడి వంకర పళ్ళ మీద తేలిగ్గా కూర్చుంటుంది. తర్వాత నోటి వేడికి మెల్లగా అసలు ఆకారానికి వెళ్ళాలని చూస్తూ పంటిని తనతో లాక్కెళ్తుంది. వాడకంలో సాగినా మళ్ళీ వేణ్ణీళ్ళలో వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. దక్షిణ కొరియాకి చెందిన గ్రాఫీ అనే కంపెనీ టీసీ-85 అనే రెసిన్‌తో (కాంతి తగిలితే గట్టిపడే ద్రవం), అచ్చు అవసరం లేకుండా నేరుగా త్రీడీ ప్రింటర్‌లో ఇలాంటి ట్రేలు వచ్చేలా చేసింది. ఒకే ట్రేని మధ్యలో వేడి చేసి రెండో ఆకారానికి మార్చే పద్ధతులూ ఉన్నాయి, ట్రేల సంఖ్య తగ్గించడానికి.

ఇందులో బలం తక్కువగా, ఎక్కువ కాలం నిలకడగా ఉంటుంది. పంటికి కావలసింది అదే. ఇంతవరకూ క్లినిక్ వాళ్ళు చెప్పింది సరే. అయితే దీని మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధన ఎక్కువగా ప్రయోగశాలల్లో జరిగింది. ఎక్కువమంది రోగుల్ని ఏళ్ళ తరబడి గమనించినది తక్కువ.

ఇంకో సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. కాలేజీలో వేస్తామన్న "పాతకాలపు" స్టీలు క్లిప్పుల్లో కూడా జ్ఞాపకం ఉంటుంది! పంటికి అతికించే బిళ్ళ స్టీలుదే కానీ, మొదటి నెలల్లో అందులోంచి పోనిచ్చే తీగ నికెల్, టైటానియం కలిసిన నిటినాల్. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ 1959 ప్రాంతంలో ఈ లోహం మీద పనిచేశాడు. 1970ల మొదట్లోనే అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఆండ్రియాసెన్ దాన్ని పళ్ళ వైద్యంలోకి తెచ్చాడు. నోటి వేడికి అసలు ఆకారం గుర్తొచ్చే తీగలు, 27, 35, 40 డిగ్రీల రకాలు, 1990ల నుంచి దొరుకుతున్నాయి. చల్లగా ఉన్నప్పుడు ఎటు వంచితే అటు వంగుతాయి, నోట్లో పెట్టాక అసలు ఆకారానికి రావాలని చూస్తాయి. అంటే మీరు 1,60,000 పెట్టి కొనాలనుకుంటున్న గుణం 40,000 వైద్యంలో ఎప్పట్నుంచో ఉంది. ప్లాస్టిక్‌లో అదనంగా వచ్చేది తీసి పెట్టుకునే వీలు, కనపడకపోవడం. వాటికి విలువ లేదని అనను. మీరు రోజంతా పిల్లల ముందు నిలబడి మాట్లాడే మనిషి. కానీ ఎక్కువ డబ్బు దేనికి కడుతున్నారో తెలిసి కట్టండి.

ఇక "ఆరు నెలలు". పన్ను ఎంత వేగంగా కదలాలో ప్లాస్టిక్ తేల్చదమ్మా, ఎముక తేలుస్తుంది. పంటి వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందాన ఒక పొర ఉంటుంది. పంటిని ఒక పక్కకి నెడితే ఆ పక్క ఎముకని శరీరమే కరిగిస్తుంది, వెనక పక్క కొత్తది కడుతుంది. ఖాళీలోకి పంటిని జరపడానికి నెలకి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అనుకోండి. తొందరపడి గట్టిగా నెడితే ఆ పొరలో రక్తం ఆడక కదలిక ఆగిపోతుంది, వేరు కొస అరిగే ప్రమాదమూ ఉంది. ఎంత తెలివైన ప్లాస్టిక్ వచ్చినా ఈ లెక్క దాటలేదు. కొద్దిపాటి వంకర ఆరు నెలల్లో సర్దుకోవడం మామూలే. 8 మిల్లీమీటర్ల చోటు తక్కువున్న నోటికి ఆరు నెలలు చెప్తే నాకు నమ్మకం కుదరట్లేదు.

పళ్ళు పీకడం గురించి మీ నోట్లోకి చూడకుండా తీర్పు చెప్పను. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారని ఒకరు దొంగ అనుకోనక్కర్లేదు. చోటు 4 మిల్లీమీటర్ల లోపు తగ్గితే పీకాల్సిన పని అరుదు. 10 దాటితే పీకకుండా కుదరడం అరుదు. మీది మధ్యలో, పై అంచుకి దగ్గరగా ఉంది. అక్కడ మంచి డాక్టర్లు కూడా ఏకాభిప్రాయానికి రారు. క్లినిక్ వాళ్ళ మీద నా అభ్యంతరం పీకక్కర్లేదన్నందుకు కాదు. చోటు ఎక్కణ్ణించి వస్తుందో మీకు చెప్పలేదు. రాజోలు షేర్ ఆటోలో ఎనిమిది మంది ఉంటే సీటు కవరు మార్చినందువల్ల తొమ్మిదో మనిషికి చోటు రాదు కదా. ఎవరైనా దిగాలి, లేదా అందరూ కాస్త కాస్త సర్దుకోవాలి.

ఆ సర్దుకోవడాలు ఏమిటంటే, పళ్ళ మధ్య ఎనామిల్‌ని సన్నగా అరగదీయడం, ఇది ఒక్కో సందులో అర మిల్లీమీటరు మించకూడదు. దవడ పళ్ళని వెనక్కి జరపడం, అదీ రెండు మూడు మిల్లీమీటర్లే. వరసని కాస్త వెడల్పు చేయడం. ఇవన్నీ కలిపినా మీకు సరిపోతుందో లేదో వాళ్ళు లెక్కేసి చూపించాలి. చూపించకుండా మొదలుపెడితే, చోటు లేని పళ్ళు ముందుకి పోతాయి. వరస తిన్నగా వస్తుంది, మూతి ముందుకొస్తుంది, చిగురు జారి వేరు బయటపడొచ్చు. పీకిస్తే పై వరసలో కోరపంటి వెనక పన్ను అటొకటి ఇటొకటి, ఒక్కోటి 7 మిల్లీమీటర్లు, మొత్తం 14 వస్తుంది. అందులో 8 పోను మిగిలిన సందు మూసుకోవడానికే నెలలు పడుతుంది. కాలేజీ వాళ్ళ ఏడాదిన్నర, రెండేళ్ళ మాట అక్కణ్ణించి వచ్చింది. మీ పెదవులు ఇప్పటికే లోపలికి ఉంటే పీకడం వల్ల మొహం పీక్కుపోయినట్టు కావచ్చు, మూతి ముందుకి ఉంటే బాగుపడుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రే చూపించి ఈ సంగతి అడగండి.

పై పన్ను పీకిస్తే కళ్ళు పోవడం గురించి: పంటికి స్పర్శ తెచ్చే నరం వేరు, కంటికి చూపునిచ్చే నరం వేరు. ఏటా ఎంతో మంది పై పళ్ళు తీయించుకుని పేపరు చదువుకుంటున్నారు. అత్తగారికి ఈ మాట మీరు చెప్పకండి, మీరు చెప్తే వాదన అవుతుంది. డాక్టరు చేత చెప్పించండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. కాలేజీలో క్లిప్పులైతే డబ్బు మిగులుతుంది, పెద్ద డాక్టర్ల కన్ను ఉంటుంది. అయితే చేసేది చదువుకుంటున్న పీజీ విద్యార్థులు, మధ్యలో వాళ్ళ కోర్సు అయిపోతే చెయ్యి మారుతుంది. నెలకోసారి వెళ్ళాలి. వరదొస్తే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీంచి తిరిగి పోవాలి. స్కూలుకి సెలవు పెట్టాలి. రెండేళ్ళు జంతికలు, చెరుకు ముక్కలు, పచ్చికొబ్బరి కొరుక్కు తినడం మానాలి, బిళ్ళ ఊడొస్తుంది. క్లాసులో కుర్రాళ్ళు వారం రోజులు చూసి, తర్వాత మర్చిపోతారు.

అసలు చిక్కు వీసా. క్లిప్పులు నోట్లో ఉండగా కువైట్ వెళ్తే అక్కడ ఇంకో డాక్టరు ఒకరు మొదలుపెట్టిన పని ఒప్పుకోవాలి, ఫీజు మళ్ళీ మొదటికొస్తుంది. అలైనర్లకి ఇక్కడే మొగ్గు. కొన్ని నెలల ట్రేలు ఒకేసారి ఇచ్చి పంపొచ్చు. అలాగని పూర్తిగా డాక్టరు లేకుండా కుదరదు. ట్రే పట్టు కోసం పంటి మీద అతికించిన చిన్న బుడిపె ఊడిపోయినా, ట్రే సరిగ్గా కూర్చోకపోయినా ఎవరో ఒకరు చూడాలి.

అలైనర్లే తీసుకోవాలనుకుంటే ఆ క్లినిక్‌నే పట్టుకు వేళ్ళాడనక్కర్లేదు. ఎక్కడికెళ్ళినా ముందు ఇవి అడగండి. ప్లాను వేసేది ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ళ వరస సరిచేసే వైద్యం) ఎండీఎస్ అనే పీజీ చేసిన మనిషా, కంప్యూటరా? చోటు ఎక్కణ్ణించి, మిల్లీమీటర్లలో? ప్లాస్టిక్ ఏ కంపెనీది, లైసెన్సు సంఖ్య ఏది? ట్రేలు వాళ్ళే ప్రింటు చేస్తారా? చేస్తే ఎలా గట్టిపరుస్తారు? టీసీ-85 లాంటి రెసిన్‌ని నైట్రోజన్ నింపిన పెట్టెలో కాంతి కింద గట్టిపరచాలి. సరిగ్గా గట్టిపడకపోతే మిగిలిపోయిన రసాయనం నోట్లోకి దిగుతుంది. మధ్యలో ఊరు మారితే స్కాన్ ఫైళ్ళు, ఎక్స్‌రేలు నాకిస్తారా? వీటికి చిరాకు పడకుండా జవాబు చెప్పిన చోట కట్టండి, అది వెయ్యి రూపాయలు ఎక్కువైనా.

నెలాఖరు తగ్గింపు మాట మర్చిపోండి. 29 ఏళ్ళు అలాగే ఉన్న పళ్ళు వచ్చే నెల కూడా అక్కడే ఉంటాయి. ఈఎంఐ విషయంలో మాత్రం జాగ్రత్త. అప్పు ఇచ్చేది క్లినిక్ కాదు, ఫైనాన్స్ కంపెనీ. అమెరికాలో ఇంటికే అలైనర్లు పంపించే స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. వైద్యం సగంలో ఆగిపోయిన వాళ్ళని కూడా వాయిదాలు కడుతూనే ఉండమంది. మొత్తం ముందే ఇవ్వకుండా, పని జరిగే కొద్దీ ఇచ్చే ఏర్పాటు ఉన్నచోట చూసుకోండి.

అలైనర్లు పెట్టుకున్నాక మొదటి వారం "స", "శ" జారతాయి. పద్యం చెప్పే రోజులు కాకుండా దసరా సెలవుల్లో మొదలుపెడితే మంచిది. ట్రే నోట్లో ఉండగా వేడి టీ తాగకండి, జ్ఞాపకమున్న రకం మరీ మెత్తబడిపోతుంది. బొండం నీళ్ళు కూడా వద్దు, తీపి ట్రే కింద నిలిచిపోయి పన్ను పుచ్చుతుంది. మే నెలలో స్కూటీ డిక్కీలో పెట్టి మర్చిపోతే ఆ ట్రే మీద ఆశ వదులుకోవచ్చు. ఏ దారిలో వెళ్ళినా చివర్లో, పళ్ళు మళ్ళీ పాత చోటికి పోకుండా పట్టి ఉంచే రిటైనర్ తప్పదు. చిగుళ్ళలోని నారలు కొత్త చోటుకి అలవాటు పడడానికి ఏడాది పైనే పడుతుంది, ఆ తర్వాత కూడా రాత్రిళ్ళు పెట్టుకుంటూ ఉండాల్సిందే. ఫీజులో అది కలిసుందో లేదో అడగండి.

ఏమీ చేయించుకోకుండా ఉండడం కూడా ఒక దారే. దానివల్ల ప్రాణం మీదికి రాదు. వీసా సంగతి తేలేదాకా ఆగి, అక్కడో ఇక్కడో స్థిరపడ్డాక మొదలుపెట్టొచ్చు. పెద్దవాళ్ళకి పళ్ళు కదలవన్నది అపోహ. చిగుళ్ళు, ఎముక బాగుంటే నలభైలో కూడా కదులుతాయి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే అది కూడా లెక్కలో వేసుకోండి. గర్భంతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి నెత్తురు కారడం మామూలు, ఎక్స్‌రేలు కూడా వీలైనంత వరకు వాయిదా వేస్తాం.

ఇల్లు. ఆ చీటీ డబ్బు మీ జీతంలోంచి కట్టింది. దాని మీద మీకు హక్కుంది. అయినా స్లాబు అప్పు తీరుస్తున్న మనిషికి లక్ష పైచిలుకు ఖర్చు తర్వాత తెలిస్తే, గుచ్చుకునేది ఖర్చు కన్నా దాచడం. ఆయన్ని అనుమతి అడగమనట్లేదు. "నేను ఇది చేయించుకోవాలనుకుంటున్నాను, ఇవీ రెండు లెక్కలు, వీసా గురించి నీకున్న అంచనా చెప్పు, దాన్ని బట్టి ఏది తీసుకోవాలో తేలుతుంది" అనండి. నిజానికి అది ఆయనకి మాత్రమే తెలిసిన విషయం. ఆయన వద్దంటే? అప్పుడు అభ్యంతరం డబ్బు గురించా, పళ్ళ గురించా అని అడగండి. డబ్బయితే కాలేజీ లెక్క చూపించొచ్చు. "ఉన్నట్టే బాగున్నావులే" అంటే, ఆ మాట ప్రేమగానే అన్నా, తరగతిలో నిలబడేది ఆయన కాదు. ఆ తర్వాత మీ ఇష్టం. దానివల్ల కొన్నాళ్ళు ఫోన్లో ముభావాలుంటే భరించగలరో లేదో మీకే తెలుస్తుంది.

అత్తగారికి కొడుకు చేత చెప్పించడం తేలికే. అయితే "నా ఇంట్లో ఉండి నా వెనక కువైట్‌కి ఫోన్ చేసింది" అని ఆవిడ అనుకునే వీలుంది. ఆవిడ సోకు అన్నారని కోపం తెచ్చుకోకండి. ఊరు చూసే చూపు గురించి ఆవిడ భయం. కొడుకు దేశంలో లేడు, కోడలు కొత్తగా మొహం దిద్దుకుంటోంది, నలుగురూ ఏమంటారో అని. అన్యాయమే, కానీ ఆ భయం ఆవిడ కనిపెట్టింది కాదు. ఈసారి భీమవరం వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి చూడండి. ఓపీ బయట వరసగా కూర్చున్న పెళ్ళయినవాళ్ళని, తన వయసు వాళ్ళని చూస్తారు. కళ్ళ సంగతి డాక్టర్ని తనే అడుగుతారు. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను. రాకపోతే, మీ ఆయనతో మాట్లాడాక మీరే నేరుగా ఒక మాట చెప్పేయండి.

ఈలోగా ఒక పని మాత్రం ఎవరినీ అడక్కుండా చేయించుకోండి. కింది పళ్ళు తోముతుంటే నెత్తురు వస్తోందని ఉత్తరం చివర్లో ఒక వాక్యం రాశారు. పళ్ళు కిక్కిరిసిన చోట గార పట్టి చిగురు వాచినప్పుడు అలా అవుతుంది. ముందు క్లీనింగ్ చేయించండి. వాచిన చిగుళ్ళతో క్లిప్పులైనా ట్రేలైనా మొదలుపెట్టే డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దు. అదే రోజు కాలేజీలో మీ ఎక్స్‌రేల కాపీ అడిగి తీసుకోండి, ఇంకో అభిప్రాయానికి ఎక్కడికెళ్ళినా మళ్ళీ తీయించే ఖర్చు తప్పుతుంది.